దాచిన పాలు

మా ఆఫీసులో తల్లుల గది అని ఒకటుంది. అంతకుముందు అందులో దసరాకీ బతుకమ్మకీ హాలంతా కట్టే అలంకరణ సామాన్లు పడేసేవాళ్ళు. ఎవరు అడిగారో, ఏ రూలు వచ్చిందో తెలియదు కానీ ఒక కుర్చీ, ఒక చిన్న బల్ల వేసి, గోడకి నవ్వుతున్న పాపాయి బొమ్మ అంటించి, తలుపు మీద పేరు మార్చేశారు. కాగితం పూల దండలు మాత్రం ఒక మూల అట్టపెట్టెలో అలాగే ఉండిపోయాయి. తలుపు గడియ సరిగా పడదు. కుర్చీని తలుపుకి అడ్డంగా జరుపుకుని కూర్చుని, పాలు తీసే పంపు పెట్టుకుని, చెవిలో మీటింగు వినేదాన్ని. నా వంతు వచ్చినప్పుడు పంపు ఆపి మాట్లాడాలి. ఒకసారి ఆపడం మర్చిపోయాను. "ఎవరింట్లోనో డ్రిల్లింగ్ జరుగుతున్నట్టుంది, కొంచెం మ్యూట్ చేసుకోండి," అన్నాడు మా మేనేజరు. అందరితో పాటు నేను కూడా "ఎవరండీ అది?" అని అడిగాను.

పాపకి ఏడో నెల వచ్చేసరికి నా సెలవు అయిపోయింది. నా దగ్గర అప్పటికి మిగిలిన గర్వమల్లా నా పాలే. జుట్టు సగం ఊడిపోయింది, పాత జాకెట్లేవీ పట్టడం లేదు, నా ప్రాజెక్టు నాకంటే చిన్నవాడి చేతికి వెళ్ళిపోయింది. కానీ పిల్ల నోరు పెట్టగానే గుటక గుటకకీ పాలొచ్చేవి. ఉద్యోగం మానను, పాలూ మాన్పించను, కనీసం ఏడాది నిండేదాకా నా పాలే పడతాను అని ఎవరూ అడక్కుండానే శపథం చేశాను. నాకు పౌరుషం కొంచెం ఎక్కువే.

ఆ పౌరుషం ఊరికే రాలేదు. నేను డబ్బాపాల పిల్లని. మా నాన్నగారిది కాలవల శాఖలో ఉద్యోగం, గోదావరి జిల్లాలో క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నేను ఇంకా పొత్తిళ్ళలో ఉన్నప్పుడు, అమ్మ జాకెట్టు తడిసి ఉండటం చూసి వెనకింటావిడ, "పాడావులా ఉన్నావు, నీకేం లోటమ్మా!" అందట. ఆ వారంలోనే అమ్మకి జ్వరం తగిలింది. జ్వరం తగ్గేసరికి పాలు పోయాయి. "జ్వరం వల్ల పోయి ఉంటాయిలే అమ్మా," అని నేనంటే, "మరి ఆ జ్వరం ఎందుకొచ్చిందే?" అనేది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది, ఇంక నా పాలనగా ఎంత అనేది. చిన్నప్పుడు నాకు పడిశం పట్టినా, పరుగు పందెంలో వెనకబడినా మా ఇంట్లో అందరూ "డబ్బాపాల పిల్ల, సత్తువెక్కడిది!" అని వేళాకోళం ఆడేవాళ్ళు. అమ్మ మాత్రం ఆ మాటకి ఎప్పుడూ నవ్వలేదు.

నేను ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టినప్పుడు అమ్మ వచ్చి మాతో ఉంది. మొదటిరోజే నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"నీ పాలు తీసి దాస్తున్నావని ఎవరితోనూ అనకే తల్లీ. ఎన్నొస్తున్నాయో అసలే చెప్పకు. నాకు పోయినట్టు నీకు పోకూడదు."

దిష్టిని నేను నమ్మను. కానీ అమ్మ భయపడుతుంటే చూడలేను. అందుకని పాల సీసాని చీరల కొట్టు సంచీలో చుట్టి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. ఎవరైనా అడిగితే మజ్జిగ అనేదాన్ని. నా పక్కన కూర్చునే అమ్మాయి, "రోజూ మజ్జిగేనా, ఎంత ఆరోగ్యమో మీకు!" అని మెచ్చుకునేది కూడా.

మేముండేది మాదాపూర్‌లో, టవర్ల వెనక హాస్టళ్ళ సందుల్లో. డేకేర్ మా ఇంటికీ ఆఫీసుకీ మధ్యలోనే, ఒక పాత మేడ కింది వాటాలో. ముందు చిన్న వాకిలి, వాకిట్లో ఒక కరివేపాకు చెట్టు. నడిపేది ఒక మేడమ్. పిల్లల్ని ఎత్తుకుని ఆడించి నిద్రపుచ్చేది ఒక ఆయమ్మ. ఆయమ్మది నార్సింగి. చుట్టూ అన్నీ ఆకాశమంత అపార్ట్‌మెంట్లు లేచినా వాళ్ళ తమ్ముడు ఇంకా బర్రెలు మేపుతూనే ఉన్నాడు. పొద్దున్నే బండి మీద మాదాపూర్ అపార్ట్‌మెంట్లకి పాలు పోయడానికి వస్తాడు. ఆయమ్మ ఆ పాల క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని అదే బండి మీద పనికి వచ్చేది. మనిషి గలగలా మాట్లాడేది. పాప ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఉంటే నాకు ఈర్ష్యగానూ ఉండేది, నిశ్చింతగానూ ఉండేది.

మోకాళ్ళ నొప్పులతో అమ్మ పిల్ల వెనక రోజంతా పరిగెత్తలేదు. పైగా మా చెల్లెలికి నెలలు నిండుతున్నాయి, అమ్మ పురుడు పోయడానికి వెళ్ళాలి. "నేనుండగానే పిల్లకి అక్కడ అలవాటు చేసేస్తాను," అంది. నాకు పొద్దున్నే కాల్స్ ఉండటంతో నేను ముందు వెళ్ళిపోయేదాన్ని. అమ్మ పాపనీ, ముందురోజు నేను తీసిపెట్టిన పాల స్టీలు సీసానీ తీసుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి దింపి వచ్చేది. సాయంత్రం నేను తెచ్చుకునేదాన్ని. మధ్యలో తల్లులు రాకూడదని మేడమ్ నియమం. "మీరొచ్చి వెళ్తే మీ పాప ఏడుస్తుంది, మీ పాపని చూసి మిగతావాళ్ళందరూ అందుకుంటారు," అంది. నిజమే కదా అనుకున్నాను. ఆఫీసు నుంచి పది అడుగులేస్తే వచ్చే దూరంలో ఉండి కూడా, పిల్లకి పాలివ్వడానికి నేను ఒక్కరోజూ వెళ్ళలేదు.

సాయంత్రం సీసా ఖాళీగా, శుభ్రంగా కడిగి సంచీలో ఉండేది. దాన్ని చూస్తే నాకు కడుపు నిండిపోయేది. రోజంతా ఆ కాగితం పూల దండల పక్కన కూర్చుని పడ్డ అవస్థంతా మర్చిపోయేదాన్ని.

కొన్నాళ్ళకి పాప కడుపు గట్టిపడటం మొదలైంది. విరేచనం కాక ముక్కి ముక్కి ఎర్రబడిపోయేది. అంతకంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. సాయంత్రం నన్ను చూడగానే చేతులు చాచే పిల్ల, పాలకి దగ్గర పెట్టుకుంటే నాలుగు గుక్కలు తాగి, విసుక్కుని, వెనక్కి విరుచుకునేది. డాక్టరు, "ఏం పాలు పడుతున్నారు?" అని అడిగాడు. "నావేనండీ, ఇంకేం లేవు," అన్నాను తల ఎత్తి. తల్లిపాలకి ఇలా కాకూడదే అని ఆయన గొణుక్కుని, మెత్తగా చేసి పెడుతున్న అన్నం వల్లేమోనని ఏవో చుక్కల మందు రాశాడు.

అమ్మకి ఆ సమాధానం సరిపోలేదు. "నీ పాలు వేడి చేస్తున్నాయే," అని తేల్చేసి నన్ను పథ్యంలో పెట్టింది. కందిపప్పు వద్దు, వంకాయ వద్దు, ఆవకాయ మాట ఎత్తొద్దు. ఎండాకాలం. మా ఆయన ఎదురుగా కూర్చుని మామిడిపళ్ళు జుర్రుకుంటుంటే నేను బీరకాయ కూర, మిరియాల చారు. ఆకలికి ఆఫీసులో మెషీన్ కాఫీ తాగేదాన్ని. పాలు తగ్గడం మొదలయ్యాయి. సీసాలో పాలు కిందికి దిగుతున్నకొద్దీ అమ్మ కంగారు పైకి లేచింది. ఒకపక్క పథ్యం నడుస్తుండగానే మా ఆయన్ని వెంటేసుకుని చేపల మార్కెట్లు తిరిగి, బాలింతలకి పాలు పడతాయని పాలసొర చేప సంపాదించుకొచ్చి, వెల్లుల్లి దట్టించి పిట్టు చేసి నాచేత తినిపించింది. ఇల్లంతా వారం రోజులు చేప వాసన. "ఎందుకింత అవస్థ, డబ్బాపాలు పట్టేద్దాం. నువ్వు అవి తాగే ఇంతదానివి అయ్యావుగా!" అన్నాడు మా ఆయన నవ్విద్దామని. చాలా రోజులు అతనితో మాట్లాడలేదు.

అమ్మ వెళ్ళే రోజు వచ్చింది. బస్సెక్కుతూ నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నిజం చెప్పు. ఎవరికీ చెప్పలేదు కదా?"

"లేదమ్మా."

"నేను కూడా ఎక్కడా నోరు జారలేదు తల్లీ. మరెందుకిలా అవుతోందో," అంది. కళ్ళు తుడుచుకుంటూనే బస్సెక్కింది.

ఆ తర్వాత పాపని పొద్దున్న నేనే దింపడం మొదలుపెట్టాను. గేటు దగ్గర పిల్లనీ సంచీనీ ఆయమ్మ చేతుల్లో పెట్టి, చెవిలో కాల్ మోగుతుండగా పరుగెత్తేదాన్ని. ఆ హడావిడిలో ఇద్దరం మాట్లాడుకున్నదే లేదు.

ఒకరోజు మా ఆఫీసులో ఫైర్ డ్రిల్ పెట్టారు. అలారం మోగగానే ఆ టవర్లో ఉన్న జనమంతా మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చి పడ్డాం. మెడలో కార్డులు వేసుకుని, ఎండలో నిలబడి, నిజంగా నిప్పు ఎలాగూ లేదని తెలిసి అందరూ టీ కొట్ల వైపు నడిచారు. నాకు పాలు తీసుకునే వేళయింది. జాకెట్టు బరువెక్కిపోయింది. పైకి వెళ్ళనివ్వరు. పక్క సందులోనే నా పిల్ల ఉంది. మేడమ్ నియమం సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని నడిచాను.

గేటు తీసేసరికి ఆయమ్మ వాకిట్లో నీడలో కూర్చుని ఉంది. పాప ఆవిడ ఒళ్ళో పడుకుని, రెండు చేతులతో ఇంకేదో పాలపీక సీసా పట్టుకుని ఆబగా తాగుతోంది. సీసాలో పాలు తెల్లగా, చిక్కగా ఉన్నాయి. నా పాలు అలా ఉండవు. పల్చగా, కొంచెం నీలంగా ఉంటాయి. నా స్టీలు సీసా మూత తీసి కరివేపాకు చెట్టు మొదట్లో బోర్లించి ఉంది. అక్కడ మట్టి తడిగా ఉంది.

"ఏం పాలు పడుతున్నారు ఆయమ్మా?" అన్నాను.

ఆవిడ నన్ను చూసి సంబరపడింది. "మీరొచ్చిండ్రా మేడమ్! సూడుండ్రి, ఎట్ల తాగుతున్నదో మీ బిడ్డ. మా తమ్ముని బర్రె పాలు. మంచిగ కాగవెట్టి జర చక్కెరేసిన."

"మరి నేను పంపిన పాలు?"

"అవ్వా? అవి ఉట్టి నీళ్ళ పాలు మేడమ్. మొదటి దినం కాగవెడితే మీగడ గూడ కట్టలె. మీ పాలాయన మిమ్ముల మోసం జేస్తుండు. గా నీళ్ళు తాగితే పోరికి బలమెట్లొస్తది? మీ అమ్మకు జెప్తే చిన్నబుచ్చుకుంటదని ఊకున్న. మీరు ఫికర్ జెయ్యకుండ్రి, నాకు పైసలేం వద్దు. పిల్ల మొకం జూసి తెస్తున్న. మోరీల పోస్తే పాపమని మీ పాలు గీ చెట్టుకు పోస్తున్న."

"అవి నా పాలు," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. "నావి ఆయమ్మా. ఆఫీసులో కూర్చుని నేను తీసిపెట్టిన పాలు. నా ఒంట్లో పాలు," అన్నాను గుండె మీద చెయ్యి పెట్టుకుని.

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో, గట్లంటరేంది మేడమ్! మీ అమ్మ ఆవుపాలన్నది గదా! ఏం పాలమ్మా అని నేనే అడిగిన. ఆవుపాలేనమ్మా, మా ఇంటికి తెచ్చి పోస్తరు అన్నది. తల్లిపాలని ఒక్క మాటంటే నేను కండ్లకద్దుకోని పడుదును గదమ్మా!"

నిజం చెబుతున్నాను, గేటు తీసినప్పుడు ఆవిడ జుట్టు పట్టుకుని కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు అయ్యేది. ఆవిడ మాట విన్నాక ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రోజూ పొద్దున్నే మోకాళ్ళ నొప్పితో నడిచొచ్చి, ఈ గేటు దగ్గర నిలబడి, ఎవరి కన్నూ పడకూడదని, "ఆవుపాలేనమ్మా" అని చెప్పిన మా అమ్మ నాకు కనిపించింది. నా పాలని కాపాడటానికే చెప్పింది.

అక్కడే మెట్టు మీద కూర్చుని పాపని తీసుకున్నాను. ఆయమ్మ గబగబా తన కొంగు అడ్డం పట్టింది. పాప నోటికి చక్కెర వాసన. నా పాలు ఆగకుండా కారి జాకెట్టు, చీర, పిల్ల చెంప తడిసిపోతున్నాయి. పాప మొహం తిప్పేసి బర్రెపాల సీసా వైపు చెయ్యి చాచింది. నేను పెద్దగా ఏడ్చేశాను. కొంగు అడ్డం పట్టుకున్న ఆయమ్మ నాకంటే పెద్దగా ఏడ్చింది.

మేడమ్‌కి నేను ఫిర్యాదు చెయ్యలేదు. చేస్తే ఆయమ్మ పని పోతుంది, అంతకుమించి ఏమీ ఒరగదు. మధ్యాహ్నం వచ్చి పాలిచ్చుకుంటానని మాత్రం గట్టిగా అడిగాను. నా మొహం చూసి మేడమ్ సరేనంది. అంత సులువుగా ఒప్పుకుంటుందని ముందే తెలిసుంటే! రోజూ అన్నం మానేసి వెళ్ళేదాన్ని. ఆయమ్మ లోపలి గదిలో చాప పరిచి, ఫ్యాన్ వేసి, మిగతా పిల్లల్ని ఇవతలే ఆపేది. బర్రెపాలు మళ్ళీ తేలేదు. నా పాలు వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి, గోరువెచ్చగా చేసి పట్టేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. పాప సగం నిద్రలో ఉంటే కాస్త తాగేది, మెలకువ రాగానే వదిలేసేది. ఒకరోజు అరచేత్తో నన్ను నెట్టేసింది. పిల్లకి కోపం లేదు, ద్వేషం లేదు. అక్కర్లేదు, అంతే. ఆ చిన్న చెయ్యి తగిలిన చోటు నాకు ఇప్పటికీ గుర్తుంది.

చివరిసారి తల్లుల గదిలో ఎంతసేపు కూర్చున్నా సీసా అడుగు మాత్రమే తడిసింది. అంత కొంచెం ఏం చెయ్యాలో తెలియక అదే పట్టుకెళ్ళి ఆయమ్మకిచ్చాను. ఆవిడ రెండు చేతులా అందుకుని, ఉగ్గుగిన్నెలో ఒంపి, ఒక్క చుక్క కింద పడకుండా పాపకి పట్టింది. పాప చప్పరించి, ఇంకా ఏమైనా ఉందా అని గిన్నెలోకి చూసింది.

అమ్మకి ఫోన్ చేశాను. వెనక మా చెల్లెలి కొడుకు ఏడుస్తున్నాడు, సాంబ్రాణి పొగ వేస్తున్నట్టున్నారు, అమ్మ దగ్గుతోంది.

"పాప తాగుతోందా?" అంది ఫోన్ ఎత్తగానే.

"పాలు పోయాయమ్మా."

అమ్మ దగ్గు ఆపుకుంది. తర్వాత అడిగింది, "ఎవరికైనా చెప్పావా?"

నా నోరు ఊరికే ఉండే నోరు కాదు. చెప్పినందుకు కాదమ్మా, చెప్పనందుకు పోయాయి, నువ్వు ఆవుపాలని చెప్పావట అన్న మాట గొంతుదాకా వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా వెనకింటావిడ అన్న ఒక్క మాటని అమ్మ మోస్తూ ఉంది. ఆ మాట పక్కన ఇది కూడా పెడితే ఇంక లేవలేదనిపించింది.

"ఆఫీసులో ఒకావిడకి చెప్పానమ్మా," అన్నాను.

"ఎందుకు చెప్పావే? అంత చెప్పానే నీకు! నేను ప్రాణం పెట్టి దాచుకొస్తే నువ్వు ఊరంతా టముకు వేసుకున్నావా?" అని తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చింది. నేను వింటూ కూర్చున్నాను. పక్కనుంచి చెల్లెలు, "పోనీలే అమ్మా, అక్కని ఏమనకు," అంటోంది.

ఆ తర్వాత చెల్లెలికి విడిగా ఫోన్ చేసి ఒకటే చెప్పాను. "నువ్వు ఉద్యోగంలో చేరాక పిల్లాణ్ణి ఎవరి చేతుల్లో పెట్టినా, ఇవి నా పాలు అని వాళ్ళ మొహాన చెప్పు. సిగ్గుపడకు, దిష్టి అనకు. మధ్యాహ్నం వచ్చి పాలిస్తానని కూడా ముందే అడుగు." అది ఎందుకని అడిగింది. చెప్పమన్నానని చెప్పు, అంతే అన్నాను. అది చెప్పింది. వాడు ఏడాది దాటినా తాగాడు.

నా కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. నాలాగే పెంకిది. పరుగు పందెంలో మాత్రం ముందే ఉంటుంది. మొన్న అమ్మ వచ్చినప్పుడు దానికి కొంచెం దగ్గుగా ఉంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని తలకి నూనె రాస్తూ, అమ్మ దాన్ని దగ్గరికి పొదువుకుని, నా వైపు తిరిగింది.

"ఒక్క మాట దాచుకోలేకపోయావు కదే," అంది.

"లేకపోయానమ్మా," అన్నాను.